వార్తలు చదివే బెంచీ

ఆ వీధిలో ఆయన్ని బాబాయి అని పిలవనివాళ్లు ఇద్దరే. ఒకరు ఇంటావిడ, ఇంకొకరు కూతురు. తక్కిన అందరికీ ఆయన బాబాయే. ఆయనకన్నా వయసులో బాగా పెద్దవాడైన లెక్కల మాస్టారు కూడా నిస్సంకోచంగా బాబాయి అనే పిలుస్తాడు. సెలూన్ బోర్డు మీద ఒకప్పుడు ఏదో పేరుండేది కానీ ఎండకు వెలిసిపోయింది. మళ్లీ రాయించమని ఇంటావిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతూనే ఉంది. బాబాయి దుకాణం ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు, ఇక బోర్డెందుకు దండగ అని ఆయన వాదన.

దుకాణం చిన్నదే. ఒక కుర్చీ, దాని ముందు గోడంత అద్దం, వెనక గోడకు ఆనించి పొడవాటి చెక్క బెంచీ. కుర్చీలోని మనిషికి గడ్డం గీస్తూ బాబాయి తలెత్తితే చాలు, అద్దంలో బెంచీ మొత్తం కనిపిస్తుంది. ఎవరు వచ్చారు, ఎవరు అలిగారు, ఎవరు కునుకు తీస్తున్నారు అన్నదంతా వెనక్కి తిరగకుండానే ఆయనకు తెలిసిపోతుంది.

ఆ బెంచీకి ఒక చట్టం ఉండేది. తర్వాతి వంతు ఎవరిదో వాళ్లు ఆ రోజు పేపరు పైకి చదవాలి. కుర్చీ ఖాళీ అయి పిలుపు వచ్చేదాకా ఆపకూడదు. పిలుపు వస్తే మాత్రం వాక్యం మధ్యలో ఉన్నా సరే, పేపరు పక్కవాడి చేతిలో పెట్టి లేవాలి. పక్కవాడు సరిగ్గా ఆ మాట దగ్గరే అందుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్లు మొదట్లో మొహమాటపడేవాళ్లు. క్షవరానికి వస్తే ఈ చదువుల గోలేమిటని కుర్చీలోంచి ఒకాయన విసుక్కుంటే, తల సగం కత్తిరించాక అలాంటి మాటలు అనకూడదని బెంచీ మీదివాళ్లు సర్దిచెప్పారు. మరోసారి వచ్చినప్పుడు ఆయనే ఎవరూ అడక్కుండా పేపరు తీశాడు.

ఈ చట్టానికి కారణం బాబాయి చేతులు. పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి పేపరు గుమ్మంలో పడి ఉంటుంది. దాంతోపాటే మనుషులూ ఉంటారు. అప్పటినుంచి మధ్యాహ్నందాకా ఒక చేతిలో దువ్వెన, ఇంకో చేతిలో కత్తెర. అవి కాకపోతే బ్రష్షు, కత్తి. పేజీ తిప్పే తీరిక ఎక్కడిది? మధ్యాహ్నానికి పేపరూ మిగలదు. ఆటల పేజీ టీ కొట్టుకు పోతుంది, సినిమా పేజీ ఎవరి జేబులోకో పోతుంది, మిగిలింది ఇస్త్రీ అతను అడిగి తీసుకెళ్తాడు. అలాగని బాబాయి వార్తలు లేకుండా ఉండగలడా అంటే అదీ లేదు. వార్తలంటే ఆయన చెవి కోసుకుంటాడు. కోసుకునేది సొంత చెవే కాబట్టి మనకేం భయం లేదని మాస్టారు అందరికీ ధైర్యం చెప్పేవాడు.

చదివే తీరు ఒక్కొక్కరిది ఒక్కో రకం. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు పంచినట్టు గబగబా చదివి పడేసేవాడు. వకీలు గుమాస్తా ప్రతి వార్తకూ నడుమ ఆగి, ఇది కోర్టులో నిలవదు అనేవాడు. మాస్టారు ధరల పట్టీ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఉండిపోయేవాడు. ఏదో సమ్మె వల్ల పేపరు రాని రోజు బెంచీ ఊరుకోలేక ముందురోజు పేపరే మళ్లీ చదివింది. గుమాస్తా ముందురోజు ఓడిపోయిన వాదనలో ఈసారి గెలిచాడు. బాబాయికి అందరి గొంతులూ కావాలి. కత్తి మెడ మీద ఉండగా ప్రమాదం వార్త వస్తే ఆయన చెయ్యి దానంతటదే ఆగేది. మనవాళ్లు ఆట గెలిచారని వస్తే కత్తెర చప్పుడుకు హుషారొచ్చేది.

అయితే ఆయన ప్రాణం పెట్టి విన్నది మాత్రం కూతురి గొంతు. అక్షరాలు కూడబలుక్కునే వయసులోనే ఆ పిల్ల బెంచీ చివర ఎక్కి కూర్చుంది. అప్పటికి కాళ్లు నేలకు అందేవి కావు. బడికి వేళయ్యేదాకా చదివేది. పెద్ద పెద్ద మాటల దగ్గర తడబడితే బెంచీ అంతా కలిసి మాట అందించేది. చూస్తుండగానే చదువులో రాటుదేలింది. పై పంక్తి నుంచి చివరి చుక్కదాకా ఒక్క మాట మింగకుండా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే తీసుకుంటూ చదివేది. వంతు వచ్చినవాళ్లు కూడా, ఆ వార్త పూర్తి కానీయమని వెనకవాళ్లను ముందు పంపేవాళ్లు. పిల్లకు బడి ఆలస్యమవుతోందని ఇంట్లోంచి తల్లి కేకలేస్తే, ఇంకొక్క వార్త అని బతిమాలేది పిల్ల కాదు, బాబాయి. కూతురి గొంతు వింటూ గీసిన గడ్డాల్లో ఒక్కదానికీ గాటు పడలేదని ఆయన ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

ఆ పిల్ల పెద్దదైంది, పట్నంలో చదువుకుంది, అక్కడే ఉద్యోగమూ వచ్చింది. అదీ వార్తల ఉద్యోగం. కాకపోతే కాగితం మీద వచ్చే వార్తలు కావు, ఫోన్లో వచ్చేవి. ఆ సంగతి తెలిసిన రోజు బాబాయి కాలు నేల మీద నిలవలేదు. వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాడు. ఇకమీద మీరు ఫోన్లో చూసేవి మా అమ్మాయి రాసిన వార్తలే అన్నాడు. మరి ఆవలింతలు తెప్పించే వార్తలు వస్తే నీ దగ్గరికొచ్చి అడుగుతామని గుమాస్తా అన్నాడు. అడగండి, నేనే జవాబు చెబుతానని బాబాయి మీసం మెలేశాడు.

అదేం విడ్డూరమో, ఆమె వార్తల్లోకి వెళ్లిన రోజుల్లోనే బెంచీ మూగబోయింది. ముందు గుమాస్తా కొత్త ఫోను కొన్నాడు, తర్వాత పోస్ట్‌మ్యాన్, ఆఖరికి మాస్టారు కూడా. పేపరు చేతికిస్తే, ఇందులో ఏముంది బాబాయి, ఇదంతా నిన్ననే చూసేశాం అనేవాళ్లు. అది నిజమే. బస్సులు లేవన్న సంగతి ఫోన్లో తెలిసి వీధిలో సగంమంది ఇళ్లలోనే ఉండిపోయిన రోజు, పేపర్లో ఏమీ లేదు కదా అని బస్టాండుదాకా నడిచి ఈసురోమంటూ తిరిగొచ్చినవాడు బాబాయే. ఫోనును తప్పుపట్టడానికి ఆయనకు నోరు రాలేదు.

కానీ వార్త తెలియడం వేరు, నలుగురిలో వినడం వేరు. ఇప్పుడు బెంచీ నిండా మనుషులున్నా అందరి తలలూ వంగే ఉంటాయి. ఒకరు తనలో తాను నవ్వుకుంటారు. ఇంకొకరు అయ్యో అంటారు. ఎందుకు నవ్వారో, ఎందుకు అయ్యో అన్నారో బాబాయికి తెలియదు. ఏమిటి సంగతి అని అడిగితే లేచొచ్చి ఫోను ఆయన మొహం ముందు పెడతారు. రెండు చేతులకూ నురుగుంటే, కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంటే ఆయన ఏం చూస్తాడు? చూశానన్నట్టు తలూపుతాడు. వాళ్లు వెళ్లి కూర్చుంటారు.

పోయినదాన్ని రాబట్టుకోవాలని ఆయన చేయని ప్రయత్నం లేదు. గోడకు చిన్న టీవీ తగిలించాడు. అందులో నలుగురు చేరి ఒకరి మీద ఒకరు అరుచుకోవడమే గానీ అసలు వార్త ఏమిటో తేలేది కాదు. తీసేశాడు. ఫోనే చదివి వినిపిస్తుందని ఎవరో చెబితే అదీ పెట్టి చూశాడు. చదివింది. చావు కబురూ ఆట కబురూ ఒకే గొంతుతో, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా గడగడా చదివింది. ఆ వేగానికి ఆయన చెయ్యి కూడా పరుగెత్తి మందుల షాపాయనకు చెవి కింద గాటు పడింది. పటిక రాస్తూ, చదివేవాళ్లు ఊపిరి తీసుకుంటేనే నా చెయ్యి ఆగుతుందండీ అని బాబాయి నొచ్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి, పోనీ తానే చదువుకుందామని కూర్చున్నాడు. అక్షరాలు కనిపించాయి, అర్థమూ అయ్యాయి. కానీ నలుగురితో కలిసి తినడం అలవాటైన మనిషి ఒంటరిగా తిన్నట్టే ఉంది. మొదటి పేజీ సగంలో మడిచి పెట్టేశాడు.

చదివేవాళ్లు లేని పేపరు మాన్పించమని ఇంటావిడ చాలాసార్లు చెప్పింది. అయినా ఆయన మాన్పించలేదు. పేపరు వస్తూనే ఉంది. మడత విప్పకుండా పొద్దంతా బెంచీ మీద ఉండి, సాయంత్రం అద్దం కింది అలమరలోకి పోతూనే ఉంది. అక్కడినుంచి వారానికోసారి తీసుకెళ్లే ఇస్త్రీ అతను మాత్రం, ఈమధ్య మీ పేపరు నలగకుండా వస్తోంది బాబాయి, చాలా బాగుందని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుకు బాబాయి మనసు చివుక్కుమంది.

ఇంతకీ ఆయన బెంగ పేపరు గురించి కాదు. ఆ బెంచీ మీద ప్రతి చేతిలోనూ కూతురు పనిచేసే చోటి వార్తలే ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి ఆమె రాసిందే అయ్యుంటుంది. దుకాణం నిండా కూతురి మాటలుండి కూడా ఒక్కటీ ఆయన చెవిన పడటం లేదు. ఆమె రాసిన వార్త ఒకటి, ఎవరో ఒకరు ఆ బెంచీ మీద కూర్చుని పైకి చదువుతుంటే వినాలి. ఆయన కోరిక అంతే. దానికోసం ఆయన మొహం వాచిపోయి ఉన్నాడు.

ఆదివారాలు కూతురు ఫోను చేసేది. ఈ వారం ఏం రాశావమ్మా అని ఆయన అడిగేవాడు. చాలా ఉన్నాయి నాన్నా అనేది. ఒకటి చెప్పు, మాస్టారుతో చదివించుకుంటానంటే, పేర్లు వేయరు నాన్నా, ఏది ఎవరిదో చెప్పలేం అని మాట మార్చేసేది. ఒకసారి ఆయన మరీ పట్టుబడితే నీళ్ల పైపు పగిలిన వార్త చూడమంది. మాస్టారు వేలితో తోస్తూ తోస్తూ చాలాసేపు వెతికాడు. అది పొద్దుటిది బాబాయి, కిందికి వెళ్లిపోయింది, ఇక దొరకదన్నాడు. ఎంత కిందికి వెళ్లిందని బాబాయి అడిగాడు. ఎంత లెక్కల మనిషైనా దానికి మాస్టారు జవాబు చెప్పలేకపోయాడు.

అలాంటి రోజుల్లో కూతురు ఒక్క రోజు సెలవు పెట్టి వచ్చింది. రైలు ఎప్పుడో వచ్చేసినా ఆమె ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేవేళ అయింది. ఇంతసేపు ఎక్కడున్నావని తల్లి గదమాయిస్తే, స్టేషను వంతెన మీద కాసేపు నిలబడ్డానంది. నిలబడి చూడ్డానికి అక్కడేముందని తల్లి గొణిగింది. కూతురు నవ్వింది. చిక్కిపోయిందని బాబాయికి అనిపించింది. ఏ తండ్రికైనా అలాగే అనిపిస్తుందని ఇంటావిడ కొట్టిపారేసింది.

భోజనాల దగ్గర ఆయన ఆగలేకపోయాడు. పొద్దున దుకాణానికి రమ్మన్నాడు. నువ్వు రాసింది ఏదైనా ఒకటి నువ్వే చదివి వినిపించు, అందరికీ చెప్పి పెట్టాను అన్నాడు. ఆమె ఫోను పళ్లెం పక్కనే ఉండి ఊరికే గుయ్యిమంటోంది. దాన్ని బోర్లించింది.

"నాన్నా, నేను వార్తలు రాయట్లేదు," అంది. "వేరేవాళ్లు రాసినవాటికి పైన ఒక లైను పెడతాను. అది చూసి జనం నొక్కాలి, అంతే నా పని. లోపల ఏముందో చాలాసార్లు నేనే పూర్తిగా చదవను. ఇది నాది అని చూపించడానికి నా దగ్గర ఒక్కటి కూడా లేదు."

మరి నీళ్ల పైపు వార్త అని ఆయన అడగబోయి నాలుక కరుచుకున్నాడు. ఇంటావిడ కూతురి పళ్లెంలో ఇంకో గరిటెడు వడ్డించింది.

"అది కూడా పనే కదమ్మా," అన్నాడు చివరికి.

అన్నాడే గానీ ప్రాణం ఉసూరుమంది. ఆమె ఇన్నాళ్లూ దాచినందుకు కాదు. మాట మింగకుండా చదివే పిల్ల ఇన్ని మాటలు లోపలే మింగుకుంటూ వచ్చిందే అని. తానేమో ఆదివారం ఆదివారం అదే ప్రశ్న అడిగి ఆ పుండును కెలుకుతూ వచ్చాడు. ఆ తర్వాత ముగ్గురూ ఎండల గురించి మాట్లాడుకున్నారు.

పొద్దున ఆయన మళ్లీ రమ్మనలేదు. ఆమే వచ్చింది. కుర్చీలో మందుల షాపాయన ఉన్నాడు. బెంచీ మీద మాస్టారు, గుమాస్తా, చెవుల్లో తీగలు పెట్టుకున్న ఒక కుర్రాడు ఉన్నారు. ఆమె ఎప్పటిలా చివర కూర్చుంది. ఆమెను చూడగానే మాస్టారు సంబరంగా ఫోను ముందుకు చాపాడు. మీ నాన్న రోజూ చెబుతుంటాడమ్మా, ఇందులో నీదేదో చూపించు, కళ్లారా చూస్తాం అన్నాడు. అద్దంలో ఆమె మొహం కందిపోవడం బాబాయి చూశాడు.

"ఫోన్లోవి ఎక్కడికీ పోవులెండి మాస్టారూ," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "ముందు పేపరు కానివ్వండి. చదువమ్మా."

ఆమె పేపరు మడత విప్పింది. ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో. చదవడం మొదలుపెట్టింది. పెద్ద అక్షరాల్లో ఉన్నది చదివి పక్కదానికి వెళ్లింది. అక్కడా పై లైను చదివి కిందిదానికి వెళ్లింది. గొంతు అదే, కానీ ఎవరో తరుముతున్నట్టుంది. నిమిషంలో పేజీ అయిపోయింది.

"లోపలిది?" అన్నాడు బాబాయి.

ఆమె ఆగింది. తాను ఏం చేసిందో అప్పుడు గానీ ఆమెకు తెలిసినట్టు లేదు. మళ్లీ పేజీ పైకి వెళ్లి మొదటి వార్త మొదటినుంచి అందుకుంది. కాసేపు మాట మాటకూ తడబడింది. తర్వాత ఎక్కడో ఊపిరి సరైన చోట పడింది. అక్కడినుంచి ఆ పాత చదువు మెల్లగా తిరిగొచ్చింది. రెండో పేజీకి గుమాస్తా ఫోను జేబులోకి పోయింది. మూడో పేజీలో ఆయన, ఇది కోర్టులో నిలవదన్నాడు. మాస్టారు కళ్లు మూసుకుని వింటున్నాడు. కుర్రాడికి మాత్రం ఇవేవీ తెలియవు. బాబాయి చెయ్యి ఆ గొంతు వెంట నడుస్తోంది. ఎన్నాళ్ల తర్వాతో ఆ దుకాణం ఆయనకు తన దుకాణంలా అనిపించింది.

పేజీ అడుగున ఒక చిన్న వార్త దగ్గరికి వచ్చింది.

"స్టేషను దగ్గరి నడక వంతెనను మరమ్మతుల కోసం సోమవారం నుంచి మూసివేస్తున్నట్టు అధికారులు తెలిపారు. ప్రయాణికులు గేటు వైపు దారిని వాడుకోవాలని కోరారు."

ఒక ఊపిరి తీసుకుని, అదే గొంతుతో ముందుకు సాగింది.

"ఈ వంతెనకు మెట్లెక్కేవైపు కమ్మీకి రంగు లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు పట్టుకుని పట్టుకుని ఇనుము నున్నబడిపోయింది. దిగేవైపు రంగు అలాగే ఉంది. సాయంత్రం గూడ్సు బండి వచ్చే వేళకు పిల్లలు పైన చేరి పెట్టెలు లెక్కపెడతారు. ఏ ఇద్దరి లెక్కా కలవదు. పట్టాలకు ఇటొకరు, అటొకరు ముసలి అక్కాచెల్లెళ్లున్నారు. అవతలి ఇంటిదాకా వెళ్లి రాగల ఓపిక ఇద్దరికీ లేదు. అందుకని ఈవిడ ఇటు మెట్లెక్కి, ఆవిడ అటు మెట్లెక్కి, వంతెన నడుమ కలుసుకుంటారు. నిలబడే కాసేపు మాట్లాడుకుని ఎవరిళ్లకు వాళ్లు దిగిపోతారు. సోమవారం నుంచి వాళ్లు ఎక్కడ కలుసుకోవాలో అధికారులు తెలపలేదు."

కమ్మీ మాట దగ్గరే బాబాయి తలెత్తాడు. అద్దంలో బెంచీ కనిపించింది. అందరూ తలలు వంచుకుని వింటున్నారు. పేపరు ఆమె ఒళ్లో ఉంది. ఆమె కళ్లు మాత్రం పేపరు మీద లేవు. గుమ్మం దాటి వీధిలోకి, ఎక్కడో దూరంగా చూస్తున్నాయి. అది ఆయన ఒక్కడే చూశాడు. కత్తి గాలిలోనే ఆగిపోయింది. ఏమైంది బాబాయి అని మందుల షాపాయన నురుగులోంచి అడిగాడు. ఇన్నాళ్లూ తాను వినాలనుకున్నది ఇదే. ఇది ఏ పేపర్లోనూ లేదు, ఏ ఫోన్లోనూ రాదు. పట్నంలో ఎవరూ ఆమెను అడగని వార్త ఇది. సంతోషంతో ఏడుపొచ్చింది. ఇంత బాగా చెప్పగల పిల్ల రేపు మళ్లీ ఆ పై లైన్ల దగ్గరికి వెళ్లిపోతుందన్న దిగులుతో ఇంకాస్త వచ్చింది. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

ఎవరో బాగా రాశారని మాస్టారు అన్నాడు. ఆమె పేజీ తిప్పింది. అది మా అమ్మాయిదని అరిచి చెప్పాలని బాబాయికి నోటిదాకా వచ్చింది. ఆమెకు ఇష్టమో కాదో తెలియక ఊరుకున్నాడు.

సాయంత్రం బండికి ఆమె వెళ్లిపోయింది. కుర్చీలో మనిషి ఉండటంతో స్టేషనుదాకా వెళ్లడానికి ఆయనకు కుదరలేదు. గుమ్మంలో నిలబడి, ఈసారి వచ్చినప్పుడు కూడా చదువుతాను నాన్నా అంది. ఈసారంటే ఎప్పుడో ఆమె చెప్పలేదు, ఆయనా అడగలేదు. వీధి మలుపు తిరిగేదాకా ఆయన చేతిలో కత్తెర ఆడలేదు.

మర్నాడు బెంచీ నిండా మనుషులున్నారు. తలలన్నీ ఫోన్ల మీదే వంగి ఉన్నాయి. పేపరు మడత విప్పకుండా పక్కన పడి ఉంది. గడ్డం పని లేకపోయినా మాస్టారు వచ్చాడు. నిన్నటి పేపరు కావాలన్నాడు. ఆ వంతెన వార్త తానెంత చెప్పినా వాళ్ల ఇంటావిడ నమ్మడం లేదట, చూపించాలట. బాబాయి అలమరలోంచి తీసిచ్చాడు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని పేజీ అడుగుకు వెళ్లాడు. చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. మళ్లీ ముందుకు తిప్పాడు.

"ఇదేంటి బాబాయి, ఇక్కడ రెండు ముక్కలే ఉన్నాయి. ఆ అక్కాచెల్లెళ్ల సంగతేదీ? మిగతాదంతా ఏమైంది?"

బెంచీ మీద ఒకటి రెండు తలలు లేచాయి. బాబాయి కత్తి కింద పెట్టాడు. చేతులకున్న నురుగు తువ్వాలుకు తుడుచుకుని, మాస్టారు వైపు పూర్తిగా తిరిగాడు.

"మిగతాది మా అమ్మాయిది మాస్టారూ," అన్నాడు.